పాత వాక్యూమ్ క్లీనర్ల వెంట ఆరు రోజులు

మా నాన్నగారు 1986 నుంచి ఏడేళ్లపాటు గుంటూరులో ఇంటింటికీ తిరిగి వాక్యూమ్ క్లీనర్లు అమ్మారు. నాపరాళ్లు పరిచిన ఇళ్లలో, పొద్దున్నే చీపురుతో ఊడ్చి ఫినాయిలు నీళ్లతో తుడిచే అలవాటున్న ఊళ్లో, తివాచీ అన్నది పెళ్లి పందిరిలో తప్ప కంటబడని ఆ రోజుల్లో ఆ యంత్రాన్ని ఎవరు కొనేవారో నాకు చాలాకాలం అర్థం కాలేదు. మే నెల ఎండలో మెడకు టై బిగించుకుని, స్కూటరు మీద కాళ్ల మధ్య యంత్రాన్ని నిలబెట్టుకుని ఆయన బ్రాడీపేట అడ్డరోడ్లన్నీ తిరిగేవారు. ఎవరింట్లోకి వెళ్లినా నేల జోలికి మాత్రం పోయేవారు కారు. ఆ ఇంటివారి బూరుగుదూది పరుపు దగ్గరికి వెళ్లి, గొట్టం చివర ఇస్త్రీ చేసిన తెల్ల జేబురుమాలు కప్పి, దాని మీద మూతి బిగించి, అర నిమిషం నడిపి, రుమాలు విప్పి ఇల్లాలి చేతిలో పెట్టేవారు. దాని నడుమ రూపాయి బిళ్లంత నల్లమచ్చ ఉండేది. ఆ తరువాత ఆయన ఏమీ మాట్లాడేవారు కారట.

నేనిప్పుడు ఇల్లినాయ్ రాష్ట్రంలోని బ్లూమింగ్‌టన్‌లో ఉంటున్నాను. ఈ ఊళ్లో కంప్యూటరు ఉద్యోగాల మీద వచ్చిన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు కానీ, యురేకా వాక్యూమ్ క్లీనర్ల కంపెనీ 1945లో ఇక్కడికి వచ్చి దశాబ్దాలపాటు వేలమందికి అన్నం పెట్టిందన్న సంగతి మాలో ఎక్కువమందికి తెలియదు. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ వాకిట్లో పెట్టిన పాత యురేకాను ఐదు డాలర్లకు కొన్ననాటి నుంచి మొదలైన పిచ్చి, ఇప్పుడు మా నేలమాళిగలో పద్నాలుగు యంత్రాలై కూర్చుంది. 2017 అక్టోబరులో వారం సెలవు దొరికితే కారు తీశాను. మా ఆవిడ పెట్టిన షరతులు రెండే: దీపావళికి ఇల్లు దులిపే వేళకు తిరిగి రావాలి, తెస్తే ఒక్క యంత్రమే తేవాలి.

అక్టోబరు 10, సెయింట్ లూయిస్

సెయింట్ లూయిస్‌లో నేను మొదట చూడాలనుకున్నది వాక్యూమ్ క్లీనరు కాదు, 1929లో కట్టిన ఫాక్స్ థియేటరు. ఎర్ర తివాచీ మెట్లు, పూతపూసిన స్తంభాలు, ఆసియా ఖండంలోని దేవాలయాలన్నీ కలిపి ఎవరో కలగన్నట్టుండే ఆ హాలులో ఒక పెద్ద వర్లిట్జర్ ఆర్గన్ ఉంది. దాన్ని 22 ఏళ్లపాటు వాయించిన స్టాన్ కాన్ ఈ దేశంలో పాత వాక్యూమ్ క్లీనర్లు సేకరించినవారిలో అందరికన్నా పేరున్నవాడు. టీవీలో జానీ కార్సన్ నడిపిన రాత్రి కార్యక్రమానికి 77 సార్లు వెళ్లాడు. తన వింత యంత్రాలను మోసుకువెళ్లి నడపబోవడం, అవి మొరాయించడం, ఆయన కంగారుపడటం, జనం పడీపడీ నవ్వడం, ఇదే తంతు. 2008లో పోయాడు.

ఆర్గన్ పలికేది గాలితో. ఎక్కడో కింద పెద్ద పంకా తిరిగి గాలిని తోస్తుంటే, వాయిద్యకారుడు ఏ మెట్టు నొక్కితే ఆ గొట్టంలోకి ఆ గాలి వెళ్తుంది. వాక్యూమ్ క్లీనరులోనూ ఉన్నది పంకా, గొట్టం, గాలి. ఒకే మనిషికి ఈ రెండు పిచ్చులూ ఎలా పట్టాయని అడిగేవాళ్లు ఆర్గన్ వెనక్కి వెళ్లి చూసి ఉండరు.

మా పెద్దమ్మగారి అబ్బాయి ఇల్లు ఈ ఊళ్లోనే. సాయంత్రం అన్నయ్య నన్ను పాత 66వ నంబరు రహదారి మీదున్న టెడ్ డ్రూస్ దుకాణానికి తీసుకెళ్లాడు. అక్కడ అమ్మే గడ్డకట్టిన కస్టర్డును కాంక్రీటు అంటారు. కిటికీలోంచి ఇచ్చే కుర్రాడు కప్పును తలకిందులు చేసి, కారడం లేదని చూపించాకే చేతికిస్తాడు. చలిలో కోట్లు వేసుకుని నిలబడి ఐస్‌క్రీము తినే జనాన్ని చూస్తూ నేనూ తిన్నాను. ఇంటికి వచ్చాక వదిన, "ఇంత దూరం చీపురుకట్టలు చూడటానికి వచ్చావుటయ్యా!" అంటూనే గోంగూర పచ్చడి గిన్నె నా వైపు జరిపింది.

అక్టోబరు 11, సెయింట్ జేమ్స్

సెయింట్ లూయిస్‌కు నైరుతి దిక్కున వంద మైళ్లలో ఉంది, వాక్యూమ్ క్లీనర్ల ప్రదర్శనశాల ఉన్న సెయింట్ జేమ్స్. పాటల ధ్యాసలో పడి దిగాల్సిన చోటు దాటిపోయి పది మైళ్ల అవతల రోలాలో తేలాను. పెట్రోలు బంకు దగ్గర దారి అడుగుదామని చూస్తే, అక్కడి విశ్వవిద్యాలయం పేరున్న చొక్కా తొడుక్కున్న అబ్బాయి ఫోనులో తెలుగులో పోట్లాడుకుంటున్నాడు. ఫోను పెట్టేశాక పలకరించాను. నరసరావుపేట అట. నేను వెళ్లే చోటు పేరు చెప్పగానే, "అంకుల్, దానికి మ్యూజియమా?" అని అతను నా ముఖంలోకి చూసిన చూపు ఇంకా గుర్తుంది.

వాక్యూమ్ క్లీనర్లు తయారుచేసే టకోనీ కర్మాగారానికి ఆనుకుని 2009లో ఈ ప్రదర్శనశాల తెరిచారు. స్టాన్ కాన్ సేకరణలో కొంత భాగం ఇక్కడికే చేరింది. ప్రవేశ రుసుము లేదు. దశాబ్దానికి ఒక గది చొప్పున, ఆ కాలపు తివాచీ, కుర్చీ, గోడమీద ఆ కాలపు ప్రకటనలతో సర్దారు. విద్యుత్తు లేని యంత్రాలు ముందు వస్తాయి. వాటిలో తిత్తులతో పనిచేసేవాటి దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. మన కొలిమి తిత్తి గాలిని బయటికి ఊదుతుంది, ఇది లోపలికి పీలుస్తుంది, తేడా అంతే. ఒకరు తిత్తి ఆడిస్తుంటే ఇంకొకరు గొట్టం పట్టుకుని తివాచీ మీద నడవాలి. చాకిరీ తగ్గించే యంత్రానికి ఇద్దరు పనివాళ్లు కావాలన్నమాట.

హ్యూబర్ట్ సెసిల్ బూత్ కథ ఇక్కడ చెప్పాలి. గాలి ఊది దుమ్ము లేపే యంత్రాన్ని లండన్‌లో ఒక ప్రదర్శనలో చూసి, ఊదేబదులు పీల్చకూడదా అని ఆ ఇంగ్లీషు ఇంజనీరు అడిగితే, అది కుదిరే పని కాదని ప్రదర్శకుడు మండిపడ్డాడట. కొద్దిరోజుల తరువాత బూత్ ఒక హోటల్లో మెత్తటి కుర్చీ మీద జేబురుమాలు పరిచి, దానికి నోరు ఆనించి బలంగా పీల్చాడు. దగ్గుతో ఊపిరాడలేదు కానీ రుమాలు అడుగున నల్లటి మచ్చ పడింది. 1901లో ఆయన చేసిన యంత్రాన్ని గుర్రాలు లాగేవి, వీధిలో నిలబెట్టి కిటికీల్లోంచి గొట్టాలు లోపలికి పంపేవారు. బూత్ పేరు మా నాన్నగారు ఎన్నడూ వినలేదు. ఆయనకు ఆ రుమాలు విద్య నేర్పిన శిక్షకుడూ విని ఉండడు.

ఆరోజు నాతోపాటు చూడటానికి వచ్చినవారిలో కాన్సాస్ నుంచి వచ్చిన ముసలాయన ఒకడున్నాడు. రైల్వేలో పనిచేసి మానేశాడట, ఇంట్లో అరవై యంత్రాలున్నాయట. పక్క గదిలో ఎవరో ఒక యంత్రం మీట నొక్కితే, తల తిప్పకుండానే "హూవర్, 700" అన్నాడు. వెళ్లి చూస్తే అదే. ఎలా తెలిసిందని అడిగితే కింది పలక చూడమన్నాడు. 1926 నాటి ఈ రకంలో కుంచెతోపాటు, ఉండకు పొడుగునా బిగించిన లోహపు బద్దలు తిరుగుతూ తివాచీని కొడతాయి. అంతకుముందువి రొద చేస్తాయి, ఇది దానిమీద సన్నగా దరువు వేస్తుంది. దుప్పటిని దండెం మీద వేసి బెత్తంతో కొట్టే పనిని యంత్రంలోకి దించారు. ఆ తరువాత గంటసేపు ఆయన నాకు వినడం నేర్పాడు.

ఆయన చెప్పిన మరో మాట నన్ను పట్టుకుంది. అరుదైనది మంచిదనుకోవద్దు, అరుదైనది అమ్ముడుపోనిది అన్నాడు. షికాగోలో ఐవ్స్ మెక్‌గాఫీ 1869లో పేటెంటు పొందిన వర్ల్‌విండ్‌ను ఒక చేత్తో తోస్తూ మరో చేత్తో పిడి తిప్పాలి. అలా తిప్పగలిగిన ఇల్లాళ్లు కొద్దిమందే కాబట్టి, ఇప్పుడు దాని కోసం మాలాంటివాళ్లం నిద్రలు మానుకుంటున్నాం. బాగా పనిచేసిన యంత్రాలు లక్షల్లో అమ్ముడై, ఇప్పుడు ఏ పాతసామాన్ల కొట్లోనైనా నలభై డాలర్లకు దొరుకుతున్నాయి. ఈ లెక్కన మా నాన్నగారు అమ్మిన యంత్రం గుంటూరు అటకల మీద ఇంకా ఎన్ని ఉన్నాయోనని ఒక్క క్షణం అనిపించింది.

తిరుగుదారిలో రోజాటి దగ్గర ద్రాక్ష బండ్లు కనిపించాయి. ఇటలీ నుంచి వచ్చినవారు ఈ ప్రాంతంలో ద్రాక్షతోటలు వేశారు. కాలం అయిపోవచ్చింది, చివరి బుట్టలు ఎనిమిది డాలర్లకు ఇస్తామన్నారు. ఈ కాంకర్డ్ ద్రాక్షను నొక్కితే తోలు వేరుగా, గుజ్జు వేరుగా జారుతుంది. హైదరాబాదు అనాబ్-ఎ-షాహీ తిని పెరిగిన నోటికి ఈ పులుపు మొదట నచ్చలేదు. అన్నయ్య ఇల్లు చేరేసరికి మాత్రం బుట్టలో సగమే మిగిలింది.

అక్టోబరు 12, దారిలో

దాదాపు 400 మైళ్లు, మూడు రాష్ట్రాలు, కోసినవీ కోయనివీ మొక్కజొన్న చేలు. వదిన కట్టిచ్చిన పులిహోర ఇండియానాలో ఒక విశ్రాంతి స్థలం బల్ల మీద తిన్నాను. రాత్రికి ఒహాయోలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పక్కన 62 డాలర్ల గది.

అక్టోబరు 13, స్ప్రింగ్‌ఫీల్డ్

ఈ ఊరి చుట్టుపక్కల పాతసామాన్ల అంగళ్లు గోదాముల్లా ఉంటాయి. ఒక్కో కప్పు కింద వందలమంది వర్తకుల అరలు, కానీ వర్తకుడు ఒక్కడూ ఉండడు. ప్రతి వస్తువుకూ దారంతో కట్టిన చీటీ మీద వర్తకుడి సంఖ్య, ధర రాసి ఉంటాయి. డబ్బు తీసుకునేది గుమ్మం దగ్గర కూర్చున్నవారు. బేరం ఆడాలంటే గొంతు పెంచకూడదు. "దీని మీద ఏమన్నా తగ్గుతుందా?" అని మెల్లగా అడిగితే, ఆవిడ ఒక పుస్తకం తీసి చూసి పదిశాతం అంటుంది. రెండోసారి అడగడం ఇక్కడ మర్యాద కాదు. సుల్తాన్ బజారులో బేరం నేర్చుకున్న నాకు ఈ సంయమనం అలవడటానికి కొన్నేళ్లు పట్టింది.

మూడు గంటలు తిరిగాక, కుట్టుమిషను బల్ల కింద ఎలక్ట్రోలక్స్ ట్రిపుల్ ఎక్స్ కనిపించింది. లూరెల్ గిల్డ్ రూపుదిద్దగా 1937లో వచ్చిన యంత్రం ఇది. చక్రాలు లేవు, మంచు మీద జారే బండికున్నట్టు రెండు లోహపు పట్టీలు మాత్రమే. నున్నటి అల్యూమినియం మూతులు, నడుమ తోలులాంటి తొడుగు, చూస్తే రైలింజను పిల్లలా ఉంటుంది. దీన్నీ ఇంటింటికీ తిరిగే అమ్మే మనుషులే అమ్మారు. ఇది అరుదైనది కాదు. అంతకుముందు అరలో 1920ల నాటి ఎయిర్‌వే ఒకటి చూశాను. పారేసే కాగితపు సంచీని మొదట తెచ్చిన టొలీడో కంపెనీ అది. దాని ధర 425 డాలర్లు. అక్కడ నిలబడి ఎంతసేపు లెక్కలు వేసుకున్నా 425 తగ్గలేదు. ఎలక్ట్రోలక్స్ చీటీ మీద 45 అని ఉంది.

యంత్రం నడుస్తుందో లేదో చూసుకోవడానికి గుమ్మం పక్కన ఒక ప్లగ్గు ఉంచారు. తీగ మీది రబ్బరు పగుళ్లు వేళ్లతో తడిమి, లోపలి రాగి బయటపడలేదని చూసుకున్నాను. ముందు మూత తెరిచి చూడాలన్న బుద్ధి మాత్రం పుట్టలేదు. మీట నొక్కగానే ముందు ఒక మూలుగు, తరువాత సన్నగా లేచి నిలకడపడిన శ్రుతి. ఎనభై ఏళ్ల మోటారు పలికిందన్న సంతోషంలో ఉండగానే దాని వెనక నుంచి బూడిదరంగు మేఘం బుస్సున లేచి, పక్క అరలో మడతపెట్టిన బొంతల మీద వాలింది. గుడ్డసంచీ ఎప్పుడో పోయింది, లోపల పేరుకున్న దుమ్ము మాత్రం ఉండిపోయింది. నేను కొయ్యబారిపోయాను. బల్ల దగ్గరావిడ నోరు మూసుకుని నవ్వు ఆపుకుంటూ లోపలికి వెళ్లి, ఒక చీపురు, చేట తెచ్చి నా చేతిలో పెట్టింది. బొంతలు నేనే బయటికి తీసుకెళ్లి దులిపాను, నేల ఊడ్చాను. నాలుగున్నర డాలర్లు తగ్గించి 40.50కి ఇచ్చింది. తగ్గించమని నేను అడగలేదు.

అక్టోబరు 14, కిడ్రన్, నార్త్ క్యాంటన్

కిడ్రన్ ఆమిష్ ప్రజలున్న సీమ. కరెంటుకూ కార్లకూ దూరంగా పాత పద్ధతిలో బతికే క్రైస్తవులు వీళ్లు. 1955లో మొదలైన లేమన్స్ అనే పెద్ద దుకాణంలో విద్యుత్తు అక్కర్లేని సామాన్లు అమ్ముతారు. లాంతర్లు, కట్టెపొయ్యిలు, చేతితో తిప్పే బట్టల యంత్రాలు. అక్కడికి వెళ్తూ అడ్డదారి పట్టి, నల్లటి గుర్రబ్బండి వెనక ఇరవై నిమిషాలు నడకవేగంతో పోయాను. దాటడానికి చోటున్నా, గుర్రం బెదురుతుందేమోనని ఆగాను. బండి వెనకనుంచి ఇద్దరు చిన్నపిల్లలు నన్నే చూస్తున్నారు. చేయి ఊపితే ఊపలేదు, కాసేపు ఆలోచించి చిన్నవాడు ఊపాడు. చివరికి ఆ బండి ఒక పొలంలోకి తిరిగింది, దారి అక్కడితో ఆఖరు.

దుకాణంలో తివాచీ ఊడ్చే చేతియంత్రం ఒకటి తోసి చూశాను. చక్రాలు తిరిగితే వాటితోపాటు లోపలి కుంచె తిరిగి చెత్తను పెట్టెలో పడేస్తుంది. 1876లో మెల్విల్ బిస్సెల్ పేటెంటు పొందిన పద్ధతి కూడా ఇదే. ఆయన 1889లో చనిపోతే భార్య ఆనా బిస్సెల్ కంపెనీ పగ్గాలు చేతబట్టింది. ఇక్కడ అది పాతవస్తువు కాదు, శనివారం నాడు ఒకావిడ బండిలో వేసుకుని పోయే గృహోపకరణం.

భోజనానికి కష్టమైంది. ఇక్కడివాళ్లు ఉడికించి మెదిపిన బంగాళాదుంపల మీద కోడిరసంలో ఉడికిన నూడుల్స్ పోసుకుని తింటారు. నేను మాంసం తినను. వడ్డించే అమ్మాయి పాపం చాలాసేపు ఆలోచించి, రొట్టె, ఆపిల్ వెన్న, ఉడికించిన బీన్స్ తెచ్చింది. బీన్స్‌లో పందిమాంసం తునకలున్నాయి. ఆమెకు చెప్పడం ఇష్టంలేక గిన్నె పక్కకు జరిపి, 'పై' అనే ఇక్కడి తీపి వంటకం రెండు ముక్కలు తిన్నాను. ఆపిల్ వెన్నలో వెన్న ఉండదు, ఆపిళ్లను గంటల తరబడి మరిగించి చేసిన ముదురు ముద్ద అది. కొంచెం కారం తగిలితే మన చింతకాయ పచ్చడికి దూరపు చుట్టం అయ్యేది.

మధ్యాహ్నం నార్త్ క్యాంటన్ చేరాను. 1918 దాకా ఈ ఊరి పేరు న్యూ బెర్లిన్, మొదటి ప్రపంచయుద్ధం పుణ్యమా అని మార్చుకున్నారు. విలియం హూవర్ చిన్ననాటి ఇంటిని అప్పట్లో వాల్ష్ విశ్వవిద్యాలయం ప్రదర్శనశాలగా నడిపేది. మొదట్లో హూవర్ల వ్యాపారం తోలు: గుర్రపు జీనులు, పటకాలు. మోటారు కార్లు వస్తే జీనులెవరు కొంటారన్న దిగులు ఆ కుటుంబానికి పట్టుకున్న రోజుల్లో, పక్కనే క్యాంటన్‌లో జేమ్స్ మర్రే స్పాంగ్లర్ ఒక దుకాణం ఊడ్చే ఉద్యోగం చేస్తున్నాడు. అరవైకి దగ్గరపడ్డవాడు, ఉబ్బసం రోగి. చీపురు పట్టగానే లేచే దుమ్ము ఆయన ఊపిరి తీసేది. పాత పంకా మోటారు, పెట్టె, చీపురుకర్ర, దిండు గలీబు కలిపి తనకోసం తానే యంత్రం కట్టుకున్నాడు. ముందు తిరిగే కుంచె, వెనక పీల్చే పంకా, దుమ్ము పట్టే గలీబు. 1908 జూన్ 2న పేటెంటు వచ్చింది. హూవర్ భార్య సూసన్ దాన్ని ఇంట్లో వాడి చూసి భర్తకు చెప్పింది, ఆ ఏడే ఆయన హక్కులు కొన్నాడు. స్పాంగ్లర్ 1915లో పోయినా, ఆయన కుటుంబానికి 1925 దాకా రాయల్టీ అందింది.

మోడల్ ఓ అని పిలిచే మొదటి హూవరును అద్దాల వెనక కాక ఎదురుగా చూడటం అదే మొదటిసారి. నలభై పౌండ్ల బరువు, ఇంటి సామాను కంటే తోటపనిముట్టులా ఉంది. 1908 డిసెంబరులో ఒక వారపత్రికలో పదిరోజులు ఉచితంగా వాడి చూడమని ప్రకటన ఇచ్చారు. ఉత్తరం రాసినవారికి యంత్రాన్ని నేరుగా పంపకుండా, వారి ఊళ్లో నమ్మకమైన దుకాణం చూసి దాని ద్వారా పంపి, అమ్ముడైతే కమీషను ఇచ్చారు. అలా ఊరూరా అమ్మకందార్లు పుట్టారు. ఈ పద్ధతి గురించి రాత్రి ఫోనులో చెబితే నాన్నగారు, "పదిరోజులిస్తే వాడుకుని తిరిగిచ్చేవాళ్లురా మనవాళ్లు. నేను ఐదు నిమిషాలకు మించి ఇచ్చేవాణ్ణి కాదు," అన్నారు.

ఊరి నడుమ హూవర్ కర్మాగారపు ఇటుక భవనాలు, పొడవాటి పొగగొట్టం ఉన్నాయి. 2007లో ఇక్కడ పని ఆగిపోయింది. చుట్టూ నడిచాను, చీకటి పడింది.

అక్టోబరు 15, 16, ఇల్లు

మొత్తం సుమారు 1,400 మైళ్లు, పెట్రోలుకు 122 డాలర్లు. ఇంటికి వచ్చి ఎలక్ట్రోలక్స్‌ను వరండాలో విప్పి, దులిపి, కొత్త తీగ వేసి, పాత గలీబు కోసి గుడ్డసంచీ కుట్టాను. స్పాంగ్లర్‌కు పనికొచ్చింది నాకు పనికిరాదా అనుకున్నాను. సోమవారం రాత్రి గుంటూరుకు వీడియో కలిపి, నాన్నగారికి చూపిద్దామని తివాచీ మీద గుప్పెడు బియ్యప్పిండి చల్లాను.

"పిండి ఎందుకురా?" అన్నారు ఆయన కళ్లద్దాలు సర్దుకుంటూ. "మనం తెచ్చిన చెత్త మనమే ఎత్తి చూపిస్తే ఎవడు కొంటాడు? వాళ్లింట్లోదే తియ్యాలి. పరుపు దగ్గరికి పద."

మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. పరుపు కొని రెండేళ్లే అయింది, దుప్పట్లు వారం వారం ఉతుకుతాం. గొట్టం చివర నా తెల్ల జేబురుమాలు కప్పి, మూతి బిగించి, నాన్నగారు వేళ్లు మడుస్తూ లెక్కపెడుతుంటే ముప్పై దాకా నడిపాను. రుమాలు విప్పి ఆమె చేతికిచ్చాను.

"ఇప్పుడు మాట్లాడకు," అన్నారు నాన్నగారు ఫోనులోంచి.

ఆమె రుమాలును దీపం కిందికి తీసుకెళ్లి చూసింది. తరువాత పరుపు రెండో కొస పట్టుకోమని నాకు చెప్పింది.